మనవాడి దగ్గర పని

1998లో '2బై4' అని ఓ చిన్న సినిమా వచ్చింది. న్యూయార్క్ బ్రాంక్స్‌లో కట్టుబడి పనులు చేసే ఐరిష్ కుర్రాళ్ళ కథ. తీసినవాడు, ముఖ్యపాత్ర వేసినవాడు జిమ్మీ స్మాల్‌హోర్న్. (కెమెరామన్ డెక్లాన్ క్విన్ మనకి తెలిసినవాడే, 'మాన్సూన్ వెడ్డింగ్' ఆయనే తీశాడు.) అందులో జానీ తన అంకుల్ దగ్గరే మేస్త్రీ. సినిమాలోని అసలు గాయం పనికి సంబంధించింది కాదు, చాలా లోతైనది. కానీ నన్ను పట్టుకున్నది ఆ ఏర్పాటే: పని ఇచ్చేవాడూ అయినవాడే, బాధపెట్టేవాడూ అయినవాడే.

ఇది మనకి కొత్తా? ఐరిష్ వాళ్ళకి మూడేళ్ళలో 48,000 'మారిసన్ వీసాలు' ఇచ్చిన 1990 చట్టంలోనే మన హెచ్1బీ కూడా పుట్టింది. ప్రాజెక్టు లేదని జీతం ఆపకూడదని 1998లో చట్టం చేశారు. అయినా బెంచి మీద పస్తులున్న కుర్రాళ్ళు ఎంతమంది!

అడగరేం? వీసా ఆయన చేతిలో ఉందన్న భయం సగమే. మిగతా సగం, ఎయిర్‌పోర్టుకొచ్చి తీసుకెళ్ళి, గెస్ట్‌హౌస్‌లో పప్పన్నం పెట్టాడన్న మొహమాటం. ఆ అన్నం నిజంగా ప్రేమతోనే పెట్టి ఉండవచ్చు, కాదనను. అయితే ఉప్పు తిన్న విశ్వాసం తిన్నవాడు చూపించాల్సింది. పెట్టినవాడే దాన్ని జీతంలోంచి మినహాయించుకుంటే అది విశ్వాసమెలా అవుతుంది?

సరే, రేపు పెళ్ళిలో ఎదురుపడే మనిషి మీద లేబర్ డిపార్ట్‌మెంటుకి రాయడం కష్టమే. మరి వచ్చే నెల అదే గెస్ట్‌హౌస్‌లో దిగబోయే కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, కంపెనీ మంచిదేనా?" అంటే ఏం చెబుతాం?