పుట్టుకయా, సాధనయా?

ఒక మనుష్యుడు ఒక భాషకు చెందినవాడని నిర్ణయించుటకు ఏది ప్రమాణము? తల్లి యొడిలో విన్న పలుకు ప్రమాణమా, తాను శ్రమపడి సంపాదించిన పలుకు ప్రమాణమా? ఇంట తెలుగును, వీధిలో కన్నడమును, కచేరీలో ఇంగ్లీషును మాటలాడుచు నాలుగైదు తరములు గడపిన మనకు ఇది పండితుల తర్కము కాదు. పిల్లల బడి దరఖాస్తు నింపునప్పుడెల్ల ఎదురగు ప్రశ్నయే. దీనిని మేము ఐర్లండు దేశపు నటుడొకని చరిత్ర నాధారముగా గొని విచారింపదలచితిమి. దూరదేశపు కథ యేల యని పాఠక మహాశయులు విసుగుకొనరాదని ప్రార్థన. ఆ కథలో ఒక గొప్ప సత్యమును, ఒక గొప్ప అసత్యమును విడదీయరాకుండ పెనగొని యున్నవి.

ఆ నటుని పేరు మీహాల్ మాక్ లియమోర్. తాను ఐర్లండు దక్షిణ భాగమునందలి కార్క్ నగరమున జన్మించితినని అతడు చెప్పెడివాడు. లోకము విశ్వసించినది. పత్రికలవారును, గ్రంథకర్తలును అట్లే ముద్రించిరి. 1978 మార్చి 6వ తేదీన అతడు డబ్లినులో గతించునప్పటికి ఐరిష్ ప్రజ తన మహానటుని గోల్పోతినని దుఃఖించినది. తరువాత, ముఖ్యముగా 1990లో వెలువడిన యొక జీవితచరిత్ర మూలమున, లోకమునకు తెలిసిన సంగతి వేఱు. అతడు 1899 అక్టోబరు 25వ తేదీన లండను నగరపు కెన్సల్ గ్రీన్ పేటలో పుట్టిన ఆల్‌ఫ్రెడ్ విల్‌మోర్. తలిదండ్రులు ఇంగ్లీషువారు. వంశమున ఐరిష్ సంబంధము ఉన్నట్లు ఋజువు లేదు. పేరు, ఊరు, బాల్యము అన్నియు అతడు కల్పించుకొన్నవే.

అతడు పసితనముననే లండను రంగస్థలమెక్కెను. 1911లో బాలనటుల నాటకమొకదానిలో అతనితో కలసి నటించిన పిల్లలలో, పిమ్మట నాటకకర్తగా విఖ్యాతుడైన నోయెల్ కవర్డ్ ఒకడు. ఆ కాలపు ప్రసిద్ధ నటుడు హెర్బర్ట్ బీర్‌బోమ్ ట్రీ సమాజములో ఆలివర్ ట్విస్ట్ వేషమును ధరించెను. కొంతకాలము చిత్రలేఖనమును గూడ అభ్యసించెను. ఇట్టి బాలునకు లండనులో మంచి భవిష్యత్తే యుండెను. కాని అతని మనస్సు ఐర్లండు మీదికిని, అందును ఆ దేశపు ప్రాచీన భాష మీదికిని మరలినది.

ఆ భాష యప్పటికి ఎట్టి దుస్థితిలో నుండెనో చెప్పవలసియున్నది. 1840ల నాటి ఘోరక్షామములో ఐరిష్ మాటలాడు బీదజనము లక్షలాదిగా మరణించినది, లేదా ఓడలెక్కి వలసపోయినది. 1851 జనాభా లెక్కలలో ఆ భాష తెలిసినవారు పదునైదు లక్షల పైచిలుకు. 1891లో ఏడు లక్షలకు లోపు. నలువదియేండ్లలో సగమునకు పైగా కరగిపోయినది. మిగిలినవారిలో ననేకులు తమ భాష బీదఱికమునకు గుర్తని తలచి, బిడ్డలకు నేర్పకుండిరి. బ్రతుకుతెరువునకు ఇంగ్లీషు కావలెనని చెప్పెడివారు. ఈ వాక్యము మన యిండ్లలో వినబడునట్టిదే గనుక దీనిపై వ్యాఖ్య చేయము. 1893లో గేలిక్ లీగు అను సంస్థ యేర్పడి, ఊరూర తరగతులు పెట్టి ఆ భాషను మరల నేర్పసాగినది. లండనులోను అట్టి తరగతులుండెను. ఆ ఇంగ్లీషు బాలుడు నేర్చుకొన్నది అట్టివారివలననే.

ఐరిష్ నేర్చుట సులభము గాదు. వ్రాతలో కనిపించు అక్షరములలో పెక్కు నోట పలుకబడవు. పలికినట్లు వ్రాయు మన లిపికి అలవాటుపడినవానికి ఆ లిపి యొక చిక్కుముడివలె తోచును. అతడు ఆ ముడిని విప్పుకొని, మాటలాడుటతో తృప్తిచెందక, ఆ భాషలో కథలు, నాటకములు, వ్యాసములు, కవితలు వ్రాసెను. 1922లోనే ఐరిష్ కథల సంపుటమును తన చిత్రములతో ప్రకటించెను. తన దినచర్యను సైతము ఆ భాషలోనే వ్రాసికొనుచుండెను. ఈ చివరి సంగతి మాకు మిక్కిలి ముఖ్యముగా తోచుచున్నది. సభలో నలుగురు మెచ్చుటకు ఎవడైనను ఒక భాషలో ఉపన్యసింపవచ్చును. దినచర్యకు ప్రేక్షకులెవరు?

1927లో ఊరూర తిరిగి షేక్‌స్పియరు నాటకములాడు నొక సమాజమున అతనికి హిల్టన్ ఎడ్వర్డ్స్ అను నటుడు పరిచితుడయ్యెను. ఎడ్వర్డ్సును లండనులో పుట్టినవాడే. మరుసటి యేట, అనగా 1928లో, రెండు నెలల వ్యవధిలో రెండు నాటకశాలలు వెలసినవి. ఆగస్టు 27న పడమటి తీరమందలి గాల్వే పట్టణములో, ఐరిష్ భాషా నాటకములకే ప్రత్యేకింపబడిన ‘తైవ్యార్క్’ ప్రారంభమైనది. ప్రథమ నాటకము ‘డియర్మద్, గ్రోన్య’ అను ప్రాచీన ప్రేమగాథ. దానిని ఐరిష్‌లో వ్రాసినది, నడిపినది, తెరలు చిత్రించినది, నాయక వేషము వేసినది మాక్ లియమోరే. అక్టోబరు 14న డబ్లినులో గేట్ థియేటరు ఇబ్సెను వ్రాసిన ‘పీర్ గింట్’తో ఆరంభమైనది. 1930లో సొంత తావునకు చేరిన ఆ శాల నేటికిని నడచుచున్నది. గాల్వేలోని శాలయు నిలిచియున్నది. ఆ యిరువురు మిత్రులు, ఒకరు నటించుచు చిత్రించుచు, మఱియొకరు నాటకమును నడపుచు, అర్ధశతాబ్ది పాటు ఐరిష్ రంగస్థలమునకు ప్రపంచపు గాలి తగులునట్లు చేసిరి.

తరువాతి కీర్తిని క్లుప్తముగ చెప్పుదుము. ఆర్సన్ వెల్స్ తీసిన ‘ఒథెల్లో’ చిత్రములో ఇయాగో అతడే. 1963 నాటి ‘టామ్ జోన్స్’ చిత్రమును చూచినవారు అతని ముఖమును చూడకపోయినను కథ చెప్పు కంఠమును విన్నవారే. 1960లో ఆస్కార్ వైల్డు జీవితమును గూర్చి ఒంటరిగా రంగముపై నిలిచి చెప్పిన ప్రదర్శనము అనేక దేశములలో ఆడినది, టెలివిజనులోను వచ్చినది. ఐర్లండులో 1961 డిసెంబరు 31న టెలివిజను ఆరంభమైనప్పుడు అందలి నాటకశాఖకు ప్రథమాధిపతి హిల్టన్ ఎడ్వర్డ్సే. 1973లో డబ్లిను నగరము ఆ యిరువురకును పౌరసత్కారము గావించినది.

ఇక విచారము. ఇంత సేవ చేసినవాని అసత్యము దోషమా, కాదా?

నటునకు వేషమే స్వధర్మము, కావున జీవితములోను వేషము వేసెనని కొందఱు సమర్థింతురు. మేము సమ్మతింపజాలము. హరిశ్చంద్ర వేషము వేసినవానిని ఇంటివద్ద ఎవరును సత్యసంధుడని కొలువరు. దుర్యోధన వేషము వేసినవానిని ఎవరును దుర్మార్గుడని దూరరు. నడుమ తెర యున్నది. టిక్కెట్టు కొన్నవానికి ఆ తెర సంగతి తెలియును. కార్క్ జన్మమను కథకు తెర లేదు, విన్నవానికి అది నాటకమని తెలియదు.

అసత్యము చెల్లు తావులు కొన్ని కలవని శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి బోధించిన సంగతి మనకు తెలిసినదే. ప్రాణమునకు, మానమునకు, ధనమునకు హాని కలుగునపుడు బొంకినను దోషము లేదని ఆ గురువు మాట. బలి దానిని కాదన్నాడు. శిష్యుని పక్షమునకు పోక, గురువు పక్షమున నిలిచి చూచినను, ఈ నటుని అసత్యము ఏ తావున చేరును? ఆ దినములలో ఐర్లండు ఇంగ్లండుతో పోరాడుచుండెను, ఇంగ్లీషువాడనిన అనుమానింతురు, అందుచే మానరక్షణ క్రింద చేర్పవచ్చును అనిన, దానికి బదులు చెప్పుటకు హిల్టన్ ఎడ్వర్డ్స్ కలడు. అతడు ఇంగ్లీషువాడనని దాచలేదు. ఐరిష్ వేషమును ధరింపలేదు. అయినను అదే నాటకశాలలో, అదే ప్రజ యెదుట, అదే గౌరవముతో ఏబదియేండ్లు పనిచేసెను. నగరము ఇచ్చిన సత్కారము ఇద్దఱికిని ఒక్కటే. కనుక ఆ దేశప్రజ అడుగని పత్రమును మాక్ లియమోర్ సృష్టించి చూపెనని చెప్పవలెను.

మఱియొక విచిత్రము. ఆ మిత్రులిరువురును జీవితాంతము దంపతులవలె ఒకే యింట నివసించిరి. వారు దానిని పెద్దగా దాచలేదు, డబ్లినులో ఎల్లరకును తెలిసినదే. 1993 వఱకు ఆ దేశమున అట్టి సంబంధము చట్టముచే నేరము. 1895లో వైల్డునకు శిక్ష పడినది అట్టి నేరమునకే. శిక్ష గల విషయమును దాచక, ఏ శిక్షయు లేని జన్మస్థలమును దాచుట చూడగా, అతనికి భయము చట్టము వలన గాదని తెలియుచున్నది. ‘నీవు మావాడవు కావు’ అను మాట వలననే భయము.

అబద్ధికుని కథలో హాస్యమునకు చోటుండును. 1931లో పదునారేండ్ల అమెరికా బాలుడొకడు గేట్ థియేటరునకు వచ్చి, తాను న్యూయార్కులో పేరుమోసిన నటుడనని ధీమాగా పలికెను. అది బొంకని ఆ మిత్రులకు తోచినది. అయినను అతని సాహసమునకు మెచ్చి వేషమిచ్చిరి. ఆ బాలుడే ఆర్సన్ వెల్స్. అతని బొంకు తెలిసినవారి యెదుట పలికిన బొంకు. వేదిక యెక్కగానే నటన దాని స్థానమును తీసికొన్నది. మాక్ లియమోర్ బొంకు అతనితోకూడ ముసలిదైనది.

దాని వలన ఎవరికి నష్టము అని యడుగవచ్చును. మా విచారమున నష్టపోయినవారు ఐరిష్ నేర్చుకొనదలచి, పుట్టుకలో లేని భాష మాకెట్లబ్బునని నిరాశ చెందినవారు. డబ్లిను వీధులలో ఇంగ్లీషు మాత్రమే యెఱిగిన వేలాది పిల్లలకు అతడు, ‘నేను లండనులో పుట్టితిని, తరగతిలో కూర్చుండి నేర్చితిని, ఇదిగో నాటకము’ అని చెప్పియుండిన ఎంత ధైర్యము కలిగియుండును! కార్క్ కథ ఆ ధైర్యమును హరించినది. శ్రమతో గెలిచినదానిని పుట్టుక ఖాతాలో జమకట్టినది. తన జీవితములో అన్నిటికంటె ఘనమైన సాధనను తానే మాపివేసెను.

మేము తాలూకా కచేరిలో ముప్పదియేండ్లకు పైగా పహణీలు వ్రాసినవారము. పహణీలో పట్టాదారునకు ఒక గడి, సాగుదారునకు వేఱొక గడి. పట్టా యున్నవాడెల్ల సాగుచేయడు, సాగుచేయువానికెల్ల పట్టా లేదు. రెండును ఒక్కరి పేరనున్న గుమాస్తాకు పని తక్కువ. వేఱువేఱైనచో ఉన్నది ఉన్నట్లు రెండు గళ్లలో రెండు పేర్లు వ్రాయవలెను. సాగుదారుని పేరును పట్టా గడిలోనికి జరుపుట నేరము. మాక్ లియమోర్ చేసినది అదియే. కడప సీమకు 1820లో వచ్చి, వేమన పద్యములను సేకరించి, తెలుగు నిఘంటువును కూర్చిన బ్రౌను దొర తాను ఇంగ్లీషువాడనుటకు సంకోచింపలేదు. ఆయన పేరు సాగుదారు గడిలోనే యున్నది, ఎవరును చెరుపలేదు. మా బళ్లారి రాఘవాచార్యులుగారు తాడిపత్రిలో పుట్టి, బళ్లారిలో ప్లీడరీ చేసి, తెలుగు, కన్నడ, ఇంగ్లీషు నాటకములలో వేషములు కట్టిరి. 1946లో వారు గతించిన పిదప, 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. నేటికిని తెలుగువారును, కన్నడిగులును వారిని తమవారనియే చెప్పుకొందురు. దానికై ఎవరును బొంకవలసిన పని కలుగలేదు.

ఇక మన గడుల మాట. జనాభా లెక్కల గుమాస్తా వచ్చినపుడు మాతృభాష యను గడిలో మనము తెలుగని వ్రాయింతుము. అది అసత్యము కాదు. కాని తెలుగు ఉత్తరమును చదువజాలక, పెండ్లి శుభలేఖను ఇంగ్లీషులో అచ్చొత్తించి, బిడ్డకు పద్యము నేర్పవలసినచో కన్నడ లిపిలో వ్రాసియిచ్చు యిండ్లు మన యూరనే కలవు. మా యింటిలోను మనుమరాలు అట్లే నేర్చినది. పట్టా యున్నది, పొలము బీడు. మాక్ లియమోర్ పుట్టుక గూర్చి బొంకి భాషను నిజముగ దున్నెను. మనము పుట్టుక గూర్చి నిజము పలికి భాషను పాడుపెట్టుచున్నాము. రెండిటిలో ఏది పెద్ద దోషమని యడిగిన మేము తడబడుదుము. ఒక్కటి మాత్రము చెప్పగలము. అతని దోషము వలన ఐరిష్ భాష ఒక నాటకశాలను సంపాదించినది.

ఈ ప్రశ్న ఊరక పుట్టలేదు. మా సంఘము వారు ఏటేట పిల్లలకు పెట్టు పద్యపఠన పోటీకి గత వత్సరము ఒక కన్నడ కుటుంబపు బాలిక వచ్చినది. ఇంట తెలుగు లేదు. పొరుగింటి అవ్వగారి వద్ద నేర్చినది. యతి వద్ద ఆగి, అర్థము తెలిసి, తప్పు లేకుండ ఎనిమిది పద్యములు చదివినది. దరఖాస్తులో ‘తెలుగు కుటుంబములో జన్మించినవారు’ అను గడి యున్నది. దానిని ఖాళీగా నుంచి బాలిక సంతకము చేసినది. బొంకలేదు. కార్యవర్గములో వాదములు చెలరేగినవి. నిబంధన నిబంధనయే యని కొందఱు, బహుమానము ఆమెదే యని కొందఱు వాదించిరి. కడకు ప్రత్యేక బహుమానమని పేరుపెట్టి, ప్రథమ బహుమానమును వేఱొక బాలునకు ఇచ్చిరి. ఆ బాలుడును మంచివాడే, కాని రెండు పద్యములలో నాలుగుచోట్ల తప్పెను.

బాలిక తండ్రి వచ్చే యేడు గూడ కూతును పంపవచ్చునా యని మమ్ము అడిగిరి. రమ్మంటిమి. ఆ గడిని దరఖాస్తునుండి తీసివైచి, దాని తావున ‘తెలుగు ఎవరివద్ద నేర్చితివి’ అని చేర్పవలెనని కార్యదర్శిగారికి వ్రాతమూలకముగ మనవి చేసియున్నాము. వచ్చు సర్వసభ్య సమావేశమున అది చర్చకు వచ్చును. సభ్యులందఱును హాజరు కావలెనని కోరుచున్నాము.