గోడ పక్క బల్ల



సినిమా చూసి ఇంటికి వచ్చాక మనకు గుర్తుండేది ఎవరు? నాయకుడు, నాయిక, మహా అయితే ప్రతినాయకుడు. వారికి తండ్రిగానో, స్నేహితుడిగానో నటించిన మనిషి ముఖం గుర్తుంటుంది గాని పేరు గుర్తుండదు. ఈ వారం అలాంటి ఒక పేరును మీ ముందుంచి, దాని వెనుక ఉన్న ఒక ప్రశ్నను మీతో కలిసి ఆలోచించాలనుకుంటున్నాను.

ఆ పేరు థామస్ మిచెల్. 1892లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, ఐర్లాండు నుండి వలస వచ్చిన కుటుంబంలో పుట్టారు. మొదట పత్రికా విలేఖరి, తర్వాత రంగస్థల నటుడు. నలభై దాటాకే హాలీవుడ్‌లో స్థిరపడ్డారు. 1939 ఒక్క సంవత్సరంలోనే ఆయన నటించిన ఐదు ప్రసిద్ధ చిత్రాలు వచ్చాయి. ‘గాన్ విత్ ద విండ్’లో నాయిక తండ్రి, ‘మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్’లో విలేఖరి, ‘ఓన్లీ ఏంజెల్స్ హావ్ వింగ్స్’లో చూపు మందగించిన విమాన చోదకుడు, ‘ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్’లో బిచ్చగాళ్ల నాయకుడు, ‘స్టేజ్‌కోచ్’లో తాగుబోతు వైద్యుడు. ఐదింటిలో ఒక్కటి కూడా నాయక పాత్ర కాదు.

ఆ వైద్యుణ్ణి ఊరివారు తాగుబోతని వెళ్లగొడతారు. దారిలో తోటి ప్రయాణికురాలికి నొప్పులు వస్తాయి. అప్పుడాయన కప్పు తర్వాత కప్పు కాఫీ తాగి, మత్తు వదిలించుకుని, పురుడు పోస్తాడు. ఊరు పనికిరాడని తోసేసిన మనిషి చేతిలోనే రెండు ప్రాణాలు నిలుస్తాయి. ఈ పాత్రకు 1940లో మిచెల్‌కు ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ లభించింది. అయితే ఆ రోజుల్లో సహాయ నటులకు అందరికీ తెలిసిన ఆ బంగారు ప్రతిమ ఇచ్చేవారు కారు. ఒక ఫలకం మాత్రమే ఇచ్చేవారు. బహుమతిలో కూడా రెండవ వరుసే!

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ ‘నికోమాకియన్ ఎథిక్స్’ గ్రంథంలోని ఒక విషయాన్ని పరీక్ష కోసం కంఠస్థం చేశాను. గౌరవం అనేది పొందేవాడి మీద కన్నా ఇచ్చేవాడి మీదనే ఎక్కువగా ఆధారపడుతుంది, కనుక అది మనిషి పరమ శ్రేయస్సు కాజాలదు అని ఆయన వాదన. మంచితనం మాత్రం మనిషికి సొంతం. దాన్ని సులభంగా ఎవరూ లాక్కోలేరు. మిచెల్ నటన ఆయన సొంతం. ఇచ్చింది ఫలకమా, ప్రతిమా అన్నది ఇచ్చినవారి సంగతి.

కాబట్టి చిన్న పాత్ర అయినా సరే, చక్కగా పోషించు, తృప్తిగా ఉండు అని ఈ వ్యాసాన్ని ఇక్కడితో ముగించవచ్చు. ఇలాంటి మాటలు నేనూ ఎన్నోసార్లు చెప్పాను. కాని అదే రాత్రి, అదే సభలో జరిగిన మరో సంగతి నన్ను ముగించనివ్వడం లేదు.

ఆ రాత్రే ‘గాన్ విత్ ద విండ్’లో దాసి పాత్రకు హ్యాటీ మెక్‌డేనియల్ అనే నల్లజాతి నటి ఉత్తమ సహాయ నటి బహుమతి అందుకున్నారు. ఆస్కార్ పొందిన తొలి నల్లజాతి వ్యక్తి ఆమె. ఆ హోటలు నల్లవారిని రానిచ్చేది కాదు. ప్రత్యేక అనుమతితో వచ్చిన ఆమెను తోటి నటుల దగ్గర కాక, దూరంగా గోడ పక్కన ఒక చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అంతకు ముందు, 1939 డిసెంబరులో, అట్లాంటాలో జరిగిన ఆ చిత్రపు తొలి ప్రదర్శనకు కూడా జాతి వివక్ష వల్ల ఆమె వెళ్లలేకపోయారు.

ఒకే చిత్రంలో నటించిన ఇద్దరు. ఇద్దరివీ సహాయ పాత్రలే, ఇద్దరికీ దక్కింది ఫలకాలే. అయినా ఆ రెండు చిన్నతనాలు ఒకటేనా? మిచెల్ ముందు వేరే తలుపులు తెరిచే ఉన్నాయి. 1953లో టెలివిజన్‌లో ఉత్తమ నటుడిగా ఎమ్మీ, రంగస్థలంపై ఉత్తమ నటుడిగా టోనీ అందుకుని, ఆ మూడు బహుమతులూ పొందిన తొలి పురుషుడయ్యారు. హ్యాటీకి మాత్రం బహుమతి వచ్చాక కూడా ఎక్కువగా దక్కింది పనిమనిషి పాత్రలే. 1952లో ఆమె మరణించినప్పుడు, ఆమె కోరుకున్న హాలీవుడ్ శ్మశానం రంగు చూసి ఆమెను నిరాకరించింది.

చూశారా, పాఠకులారా! మనసారా స్వీకరించిన చిన్న స్థానం వినయం. బలవంతంగా కూర్చోబెట్టిన చిన్న స్థానం అన్యాయం. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. వాటిని వేరు చేసే ప్రశ్న ఒక్కటే: ఆ మనిషి కోరుకుంటే అక్కడి నుండి లేచి ముందుకు రాగలడా? రాలేకపోతే, తృప్తిని గురించి ఆయనకు మనం చేసే బోధ బోధ కాదు, తలుపుకు వేసే మరో గడియ. ఆ బోధ చేసేది సాధారణంగా ముందు బల్ల దగ్గర కూర్చున్నవారే. వారిలో నేనూ ఉన్నాను.

గౌరవం ఇచ్చేవారి మీద ఆధారపడుతుందన్న మాట నిజమైతే, ఆ రాత్రి కలిగిన అవమానం హ్యాటీది కాదు, బల్లలు వేసినవారిది. ఈ సంగతి నేను పరీక్షలో రాయలేదు. అర్థం చేసుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

మీ ఇంటిలో, మీ కార్యాలయంలో, మీ సంఘంలో రెండవ వరుసలో ఎవరున్నారో ఈ వారం ఒకసారి చూడండి. ఇష్టపడి నిలబడినవారైతే వారి పేరు తెలుసుకుని పిలవండి. గోడ పక్కకు నెట్టబడినవారైతే ఓర్పును గురించి చెప్పకండి. మీరే కొంచెం జరిగి, మీ పక్కన చోటు చేయండి.