అందరికీ పోయిందా?

కరెంటు పోగానే మన తెలుగిళ్ళలో మొట్టమొదట వినబడే మాట ఏవిటో ఎప్పుడైనా గమనించారా? "అయ్యో" కాదు. "అగ్గిపెట్టె ఎక్కడ చచ్చింది?" అన్నదీ కాదు, అది రెండోది. మొదటిది, "మనకేనా, అందరికీ పోయిందా?" అన్న ప్రశ్న.

ప్రశ్న ఇంటి యజమానిది. జవాబు కనుక్కురావడం పిల్లల వంతు. ఒకడు వీధిగుమ్మంలోకి పరుగెడతాడు, ఇంకొకడు పెరట్లోకి. "ఎదురింట్లోనూ లేదు నాన్నా! వీధిదీపాలూ లేవు!" అని కేక. ఆ కేకతో ఇంటిల్లిపాది మొహాలూ తేటపడతాయి. చీకట్లో మొహాలు కనబడవనుకోండి, అయినా తెలుస్తుంది. "హమ్మయ్య, అందరికీ పోయిందిట" అని యజమాని వాలుకుర్చీలో వెనక్కి వాలతాడు. అలా కాక, "అందరికీ ఉంది, మనకే లేదు" అన్న కబురు వచ్చిందో, ఇక ఆయన్ని ఆ కుర్చీలో కూచోబెట్టడం ఎవరితరమూ కాదు.

చిత్రమేవిటంటే రెండుసార్లూ చీకటి ఒక్కటే. ఉక్కా ఒక్కటే. ఎదురింట్లోనూ కరెంటు లేదు పాపం అని దోమలు మనల్ని ఒక కాటు తక్కువ కుట్టవు. మరి ఆ "హమ్మయ్య" ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

నీతులు చెప్పే పెద్దమనిషినెవరినైనా అడిగితే, "ఇంకెక్కణ్ణుంచి, అసూయలోంచి!" అని ఒక్కముక్కలో తేల్చేస్తాడు. నాకంత తొందర లేదు. విడదీసి చూస్తే అందులో మూడు పాళ్ళు కనబడుతున్నాయి. ఒకటి శుద్ధ లోకజ్ఞానం. అందరికీ పోతే బాగుచెయ్యడం వాళ్ళ పూచీ. మనకే పోతే ఫ్యూజు చూసుకోవడం, పనివాణ్ణి వెతుక్కోవడం, వాడడిగినంత ఇచ్చుకోవడం మన పూచీ. రెండోది అసూయే. కొంచెం ఉంది, లేదని బుకాయించడం దేనికి? మూడోదే అసలైనది. కష్టం రావడం ఒక ఎత్తు, ఆ కష్టానికి మనల్నే ఏరుకున్నారే అన్న బాధ మరో ఎత్తు. మొదటిదాన్ని మనిషి భరిస్తాడు, రెండోదాన్ని భరించలేడు. అందరికీ పోయిందంటే మనల్నెవరూ ఏరుకోలేదన్నమాట. గాలివాన ఎవర్నీ ఏరుకోదు. అంచేతే గాలివానకి పోయిన కరెంటుమీద మొదటిరోజున ఎవరికీ కోపం రాదు. అది దురదృష్టమే గాని అన్యాయం కాదు.

అయితే ఇందులో చిన్న మెలిక ఉంది. "అందరికీ" అంటే ఎందరికి? మన గుమ్మంలోంచి చూస్తే కనబడేటంతమందికి. అంతే కదా! అరగంటలో తిరిగొచ్చే కరెంటుకైతే ఆ చూపు చాలు. వారంరోజులు రాని కరెంటుకి చాలదు.

2014 అక్టోబరు 12 ఆదివారంనాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. పేరు ఒక పిట్టది, పెట్టినవాళ్ళు ఒమన్ దేశంవాళ్ళు. గాలి మాత్రం గంటకి సుమారు 180 కిలోమీటర్ల వేగంది. అంత గాలి ఏ సముద్రపొడ్డు పల్లెమీదో కాక పెద్ద నగరం నడినెత్తిన వచ్చిపడింది. వేలకొద్దీ కరెంటు స్తంభాలు విరిగిపడ్డాయి. చెట్లు తీగెలమీద, తీగెలు రోడ్లమీద. కరెంటు లేక నీళ్ళు తోడే పంపులు ఆగిపోయాయి. సెల్‌ఫోన్ల టవర్లు మూగబోయాయి. పాలకీ పెట్రోలుకీ బారులు తీరారు. ఆ రాత్రి విశాఖలో ఎవరు మన పాతప్రశ్న వేసినా జవాబు ఒక్కటే. మేడలో వాళ్ళకీ పోయింది, గుడిసెలో వాళ్ళకీ పోయింది.

ఒక్కమాట ఇక్కడే చెప్పుకోవాలి. 1977 నవంబరు 19న దివిసీమని ముంచెత్తిన ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. అక్కడ దీపాల సంగతి తలచుకునే తీరిక ఎవరికుంది? ప్రాణం దక్కి, పైన కప్పు నిలిచినవాడికే కరెంటు లేదని విసుక్కునే యోగ్యత. ఆ విసుగు కూడా ఒక భాగ్యమే సుమండీ. అలాగని దాన్ని కొట్టిపారెయ్యడానికీ లేదు. కరెంటు అంటే ఇప్పుడు ఫ్యాను, టీవీ మాత్రమే కాదు. నీళ్ళ మోటారు. లిఫ్టు. ఫ్రిజ్జులో దాచుకున్న ఇన్సులిను. నాలుగో అంతస్తులో మోకాళ్ళనొప్పుల ముసలావిడకి ఒక బిందెడు నీళ్ళు.

ఇలాంటి చీకటి మొదటిరోజు చాలా మంచిది. మనుషుల్ని కలుపుతుంది. ఏళ్ళతరబడి మెట్లమీద ఎదురుపడుతూ పేర్లు తెలియనివాళ్ళు, కొవ్వొత్తి వెలుగులో "మీదే ఊరండీ?" అని పలకరించుకుంటారు. తలుపు తియ్యకుండా ఉంచితే ఫ్రిజ్జులో చల్లదనం ఇంచుమించు నాలుగు గంటలు నిలుస్తుంది. ఆ తరవాత పాలు విరిగేలోగా పక్కింటి పసిపిల్లలకి పంచిపెట్టేస్తాం. కొంతమంది ఔదార్యానికి ఆ నాలుగు గంటలే ముహూర్తం. పోనీండి, ఎలాగైతేనేం, పాలు పిల్లలకి చేరాయి కదా.

చిక్కంతా మూడోరోజునుంచి. ఏవంటే, కరెంటు పోవడం అందరికీ ఒక్కసారే. రావడం మాత్రం వంతులవారీ.

ఆ వంతు ఎలా వస్తుందో చూడండి. ముందు ఊళ్ళమీదుగా పోయే పెద్ద టవర్ల లైన్లు నిలబెట్టాలి. తరవాత సబ్‌స్టేషన్లు. అక్కణ్ణుంచి 11,000 వోల్టుల ఫీడర్లు. ఆ తరవాత పేటలో ట్రాన్స్‌ఫార్మరు, దానినుంచి వీధి తీగె, అన్నిటికన్నా చివర మన ఇంటి తీగె. ఆస్పత్రులకీ మంచినీళ్ళ పంపులకీ ముందు ఇస్తారు. దానికెవరూ పేచీ పెట్టరు. మిగతాచోట్ల, ఏ తీగె కడితే ఎక్కువ ఇళ్ళల్లో దీపం వెలుగుతుందో ఆ తీగె ముందు కడతారు. ఇదీ సబబే. వెయ్యి ఇళ్ళ పని వదిలేసి పది ఇళ్ళ సందులోకి ముందు వెళ్ళమని ఎవరనగలరు?

అనగలిగినవాళ్ళు ఒకరున్నారు. ఆ పది ఇళ్ళవాళ్ళు.

వాళ్ళమాట కాస్త వినండి. వీధి చివర ఉండేవాడు ఈ తుపానుకీ చివరే, వచ్చే తుపానుకీ చివరే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లామీద విరుచుకుపడ్డప్పుడు ఉద్దానం కొబ్బరితోటలు కుప్పకూలాయి. పడ్డ చెట్లు కోసి దారి చేస్తేగాని కొత్త స్తంభం బండి ఊళ్ళోకి పోదు. అలాంటి ఊరు ఎప్పుడూ వరసలో ఆఖరే. హుద్‌హుద్ తరవాత విశాఖలో కొంతమేర తీగెల్ని భూమిలోకి దించే పని ప్రపంచబ్యాంకు అప్పుతో చేపట్టారు. మంచిదే. సముద్రపొడ్డున పల్లెకారుల పేటకి, కొండమీద గిరిజనుల గూడేనికి స్తంభాలే గతి. ఎక్కువమందికి ముందు అన్న సూత్రం ఒక్కసారికి చూస్తే న్యాయమే. ప్రతిసారీ ఆ కొద్దిమందే ఆఖరున మిగులుతుంటే, దాన్ని ఇంకా దురదృష్టం అనే అందామా? ఏరుకోకుండానే ఏరుకున్నట్టు కాలేదూ? ఇందులో తుపానుకి చెందే పాలు తక్కువ, మనకి చెందేదే ఎక్కువ.

ఇక ఈ కాలంలో ఈ కథకి ఇన్వర్టరు అనే కొత్తపాత్ర వచ్చింది. ఇన్వర్టరున్న ఇంట్లో కరెంటు పోయిన సంగతే తెలియదు. దీపం ఒకసారి కన్ను కొడుతుంది, అంతే. పిల్లవాడు వీధిలోకి పరుగెత్తే పని లేదు, ఎవరికి పోయిందో విచారించే పనీ లేదు. మన పాతప్రశ్నలో అసూయ పాలు ఒకటి ఉందన్నాను కదా. ఇన్వర్టరు ఆ అసూయని తీసేసింది. దాంతోపాటు ఎదురింటివైపు చూసే చూపునీ తీసేసింది. ఈ బేరంలో లాభమెంతో నష్టమెంతో లెక్కవేస్తే నాకు నష్టమే మొగ్గు చూపుతోంది. అసూయతోనైనా సరే, మనిషి పక్కింట్లోకి తొంగి చూస్తే అక్కడి ముసలివాళ్ళు కనబడతారు. చూడనివాడికి ఏదీ కనబడదు.

"ఏవండీ, నా డబ్బు పోసి కొనుక్కున్నాను. ముందుచూపు లేనివాళ్ళకి నేనెందుకు పంచాలి? అందరికీ ఇస్తే ఎవరికీ మిగలదు" అంటారు కొందరు. తీసిపారెయ్యవలసిన మాట కాదిది. ముందుచూపుకి విలువ ఉండాలి. కాని రెండు సంగతులున్నాయి. ముందుచూపు లేకపోవడం వేరు, ముందు కొనే డబ్బు లేకపోవడం వేరు. పైగా పెట్టె మీరు కొన్నమాట నిజమే అయినా, దాన్ని నింపింది వీధిలో అందరికీ వచ్చే తీగే. ఆ తీగె తెగి రెండురోజులైతే బ్యాటరీ ఖాళీ. అప్పుడు ఇన్వర్టరు, అడుగంటిన ఆవకాయ జాడీ ఒకటే.

పంచడమంటే అందరికీ ఫ్యాను తిప్పమని కాదు. చిన్న లెక్క చెబుతాను. పాతరకం పంకా ఒక గంట తిరగడానికి సుమారు 75 వాట్-గంటల కరెంటు పడుతుంది. ఒక ఫోను నిండా చార్జి కావడానికి, దుబారా కలుపుకున్నా, సుమారు 20 వాట్-గంటలు చాలు. అంటే మీ పంకా ఒక గంట ఆగితే మూడు ఫోన్లు నిండుతాయి. ఎక్కడో దూరాన కొడుకు కబురుకోసం, కూతురి కబురుకోసం ప్రాణాలు ఉగ్గబట్టుకున్న ముగ్గురు తల్లులన్నమాట. టవర్లు కోలుకున్న రోజున ఆ గంట గాలి ఖరీదు అది. ఇస్తారో ఇవ్వరో మీ ఇష్టం. ఖరీదు తెలిసి ఇవ్వకపోవడం వేరు, అసలు తెలియకపోవడం వేరు. తెలుసుకోవాలంటే గుమ్మంలోకి వచ్చి అడగాలి.

జనరేటరున్నవాళ్ళకి ఇంతకన్నా బరువైన పూచీ ఉంది. దాన్ని మూసిన గదిలో పెట్టకూడదు. దాని పొగలోని విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇది మన ఇంటి సంగతి. పరాయింటి సంగతి ఇంకొకటుంది. మార్పిడి స్విచ్చి లేకుండా జనరేటరుని తిన్నగా ఇంటి తీగెలకి తగిలిస్తే, ఆ కరెంటు మన ఇంట్లో ఆగదు. వీధిలోకి వెనక్కి నడుస్తుంది. మన 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మరుకి వెనకవైపునుంచి ఎక్కి 11,000 వోల్టులై పై తీగెలోకి పోతాయి. ఆ తీగెలో కరెంటు లేదనే నమ్మకంతో ఒక లైన్‌మాన్ పైన స్తంభమెక్కి ఉంటాడు.

ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి. పెద్ద తుపాను వస్తే ఇతర జిల్లాలనుంచి కూడా ఆయన్ని పిలిపిస్తారు. ఎవరిదో ఊరు, ఎవరిదో వీధి. వానలో తడుస్తూ పైకెక్కి మన దీపం కడుతున్నాడు. మనకి ఆయన మొహం కూడా తెలియదు. మన మొహం ఆయనకి తెలియదు. మనమధ్య ఉన్నది ఒక తీగె, ఒక నమ్మకం. మిద్దెమీద సూర్యపలకలు పెట్టించుకున్నవాళ్ళు, "బయట కరెంటు పోతే ఇదీ ఆగిపోతోందేవిటండీ, ఎండ ఉంది కదా!" అని విసుక్కుంటూంటారు. బ్యాటరీ లేకుండా వీధి తీగెకి కలిపిన మామూలు పలకలు అలా ఆగిపోయేలాగే చేస్తారు. దానికి ముఖ్యకారణం ఆ స్తంభమెక్కిన మనిషే. యంత్రానికి ఆ మాత్రం మర్యాద నేర్పినవాడెవడో గాని, వాడికి దండం పెట్టాలి.

చివరికి తేలిందేవిటయ్యా అంటే, మన పాతప్రశ్నలో తప్పు లేదు. అడిగే వేళ ఒక్కటే సరిచూసుకోవాలి. కరెంటు పోయినప్పుడు అడుగుతాం, వచ్చినప్పుడు అడగం. రాగానే ఏం చేస్తాం? పిల్లలందరూ ఒక్కసారిగా "హోయ్!" అని అరుస్తారు, పంకా కిందికి చేరతాం, మోటారు స్విచ్చి వేస్తాం, తలుపు మూసుకుంటాం. సందు చివర ఇల్లు ఇంకో మూడురోజులు చీకట్లోనే ఉంటుంది. ఆ మూడురోజులూ మొదటి మూడురోజులకన్నా నల్లగా ఉంటాయి. మొదట్లో ఉన్న తోడు ఇప్పుడు లేదు కదా! మొదటిరోజు పాలు పంచినవాళ్ళు, కబుర్లు చెప్పినవాళ్ళు, అందరూ వెలుగులోకి వెళ్ళిపోయారు.

అంచేత ఈ అక్టోబరో నవంబరో, మన తీరానికి తుపాను కొత్త కాదు గనక ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ దీపాలారి, మళ్ళీ వెలిగిననాడు, పిల్లవాణ్ణి ఇంకొకసారి వీధిలోకి పంపించండి. మోటారు వేసిన చేత్తోనే నాలుగు బిందెలు పట్టించి, రెండు ఫోన్లు తెమ్మని చెప్పి, వాడితో అడిగించండి: "అందరికీ వచ్చిందా?"