ఇరవయ్యారో లైను

అమెరికాలో కాలేజీ ఫీజు కట్టినవాళ్ళు ఏటా పన్ను లెక్కలతో పాటు 8863 అనే ఫారం నింపుతారు. చదువుకు ఖర్చు పెట్టినందుకు ప్రభుత్వం పన్నులో కొంత తగ్గించే ఏర్పాటది. ఇలాంటి రాయితీల్లో పెద్దది అమెరికన్ ఆపర్చునిటీ టాక్స్ క్రెడిట్. ఒక్కో విద్యార్థికి ఏడాదికి 2,500 డాలర్ల దాకా, నాలుగేళ్ళపాటు వస్తుంది. అర్హత తేల్చడానికి ఫారంలో వరసగా నాలుగు ప్రశ్నలుంటాయి. ఈ క్రెడిట్ ఇప్పటికే నాలుగేళ్ళు వాడుకున్నారా? డిగ్రీ కోసం, ఫుల్‌టైమ్ చదువులో కనీసం సగమైనా చదువుతున్నారా? కాలేజీలో మొదటి నాలుగేళ్ళ చదువు ముందే పూర్తయిందా? ఈ మూడూ చదువు సంగతులే. నాలుగోది, 26వ లైనులోది, కోర్టు సంగతి: మాదకద్రవ్యాలు దగ్గర పెట్టుకున్నందుకో, పంచినందుకో ఈ విద్యార్థి మీద ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం, ఎప్పుడైనా రుజువైందా? అవునని టిక్కు పెడితే అక్కడే ఆగి 31వ లైనుకు వెళ్ళమంటుంది. మధ్యలో 27 నుంచి 30 దాకా ఉన్న గళ్ళు ఆ విద్యార్థికి లేవు.

ఆ ప్రశ్నకు గడువు లేదు. ఆ పన్ను ఏడాది ముగిసేలోపు ఎప్పుడు రుజువైనా సరే అంటుంది. పంతొమ్మిదేళ్ళప్పుడు నేరం రుజువైన మనిషి నలభై అయిదో ఏట నర్సింగ్ చదవాలని చేరినా ఆ గడి అలాగే ఎదురొస్తుంది. జడ్జి వేసిన శిక్ష అనుభవించాడు, ప్రొబేషన్ కూడా గడిచింది. తీర్పులో ఎక్కడా లేని ఈ ముక్కను అతని నెత్తిన పెట్టిందెవరు? ఇది ఎప్పటికి తీరుతుంది?

ఇది శిక్ష కాదు, రాయితీకి పెట్టిన షరతు అని చట్టం చేసినవాళ్ళు అనొచ్చు. రాయితీ ఎవరి హక్కూ కాదనీ అనొచ్చు. కానీ పంక్తిలో కూర్చోబెట్టి ఒక్క విస్తరి దాటించి వడ్డిస్తే దాన్ని మనం షరతు అంటామా? అందరికీ ఇచ్చేది ఒకరికి ఇవ్వకపోవడానికి కారణం అతని గతమే అయినప్పుడు, ఆ ఇవ్వకపోవడం శిక్ష కాక మరేమిటి?

పైగా ఈ గడి ఆరా తీసేది ఒక్క మాదకద్రవ్యాల నేరాల గురించే. దోపిడీ చేసినవాడినీ, మనిషిని చంపినవాడినీ 26వ లైను ఏమీ అడగదు. వాళ్ళనూ ఆపాలని నేననడం లేదు. జైలు నుంచి వచ్చి ఎవరు చదువుకున్నా నాకు సంతోషమే. ఏది ఎంత నేరమన్నది కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్‌లో వేప్ పెన్‌లో గంజాయి నూనె గ్రాములోపు దొరికినా ఫెలనీయే. కొలరాడోలో ఇరవై ఒకటి నిండినవాళ్ళు అదే నూనెను దుకాణంలో కొనుక్కుంటారు. డాలస్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ పుట్టి పెరుగుతున్న పిల్లలకు ఈ తేడా ఏం తెలుస్తుంది? పిల్లలు తల్లిదండ్రుల మీద ఆధారపడి ఉంటే క్రెడిట్ వచ్చేది తల్లిదండ్రులకు. కాబట్టి కొడుకు నేరం తండ్రి పన్ను లెక్కలోకి వచ్చి కూర్చుంటుంది. భార్యాభర్తల ఆదాయం కలిపి 1,80,000 డాలర్లకు చేరితే ఈ క్రెడిట్ ఎలాగూ రాదు. అంటే ఈ దెబ్బ బాగా ఉన్నవాళ్ళకు తగలనే తగలదు.

31వ లైను దగ్గర లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ ఉంది, దానికి పాత నేరం అడ్డు కాదు. నిజమే. అయితే లెక్క చూడండి. ఏడాదికి 4,000 డాలర్ల ఫీజు కడితే మొదటి క్రెడిట్ కింద 2,500 వస్తుంది, రెండోదాని కింద 800. పన్ను కట్టాల్సినంత రాబడే లేని మనిషికి మొదటిదాంట్లో వెయ్యి డాలర్ల దాకా చేతికి అందే వీలుంది, రెండోదాంట్లో పైసా రాదు. కొత్తగా బతుకు మొదలుపెడుతున్న మనిషికి ఆ వెయ్యి డాలర్లు ఎంత అవసరమో చెప్పాలా?

పాత నేరం గురించి ఆలోచిస్తే బౌద్ధ కథల్లోని అంగులిమాలుడు గుర్తొస్తాడు. మనుషులను చంపి వేళ్ళు దండ గుచ్చుకున్నవాడు. అతన్ని పట్టుకోవడానికి అయిదువందల ఆశ్వికులతో బయల్దేరిన రాజు ప్రసేనజిత్తు, బుద్ధుడి పక్కన భిక్షువుగా కూర్చున్న అతన్ని చూసి, బట్టలూ తిండీ మందులూ నేను ఏర్పాటు చేస్తానన్నాడు. భిక్షకు వెళ్ళిన ఊళ్ళో మాత్రం అతని మీద రాళ్ళు పడ్డాయి, తల పగిలింది. జనం కోపాన్ని నేను అర్థం చేసుకోగలను, వాళ్ళు పోగొట్టుకున్నది తమ మనుషులను. నన్ను ఆలోచనలో పడేసేది రాజు. రాజ్యం తరఫున వచ్చినవాడు ఎదురుగా ఉన్న మనిషిని చూశాడు. ఫారం ఎవర్ని చూడగలదు?

చదువుకున్న ఖైదీలు మళ్ళీ జైలుకు రావడం తక్కువని 2013లో ర్యాండ్ సంస్థ అధ్యయనం చెప్పింది. వాదనకు అది బాగా పనికొస్తుంది. అయినా సమాజానికి లాభం కాబట్టి చదవనిద్దాం అనడంతో నాకు తృప్తి లేదు. ఆ మనిషికి చదవాలని ఉంది, అది చాలదా?

అమెరికా ఈ విషయంలో కొంత మారింది కూడా. విద్యార్థి సాయానికి మాదకద్రవ్యాల శిక్షను అడ్డుపెట్టిన 1998 నాటి నిబంధనను 2020 డిసెంబరులో కాంగ్రెస్ ఎత్తేసింది. 2023 జులై నుంచి జైల్లో ఉన్నవాళ్ళకు కూడా, ఆమోదం పొందిన కోర్సుల్లో చేరితే, కాలేజీ చదువుకు ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంటు ఇస్తున్నారు. పన్ను చట్టంలో 1997లో చేరిన వాక్యం మాత్రం అలాగే ఉంది. దాంతో వింత పరిస్థితి ఏర్పడింది. గంజాయి కేసులో లోపలున్నప్పుడు ప్రభుత్వమే డబ్బిచ్చి చదివించిన మనిషి, విడుదలై తన కష్టార్జితంతో ఫీజు కట్టి ఆ డిగ్రీ పూర్తి చేస్తుంటే, అదే ప్రభుత్వం 26వ లైను దగ్గర ఆపుతోంది. ఆ లైను తీసేయాలని నా కోరిక. అంత ధైర్యం కాంగ్రెస్‌కు ఇప్పుడే లేకపోతే, శిక్ష ఏ సంవత్సరంలో పూర్తయిందో రాయడానికి పక్కన ఇంకో గడి పెట్టి, ఎన్నేళ్ళు దాటితే ఇక అడగరో చట్టంలో రాయాలి.