ఫలంలో పాలు: ముల్కనూరు సహకారం లేవనెత్తే ధర్మప్రశ్న

మనిషి లాభం కోరడం ధర్మానికి అడ్డా, కాదా? వ్యవస్థాపకతపై జరిగిన పరిశోధనలకు మూలంలో ఉన్నది ఈ ప్రశ్నే. జర్మన్ సామాజికవేత్త మాక్స్ వెబర్ 1904-05లో ప్రొటెస్టంట్ నీతికీ పెట్టుబడిదారీ స్ఫూర్తికీ సంబంధం ఉందని వాదించాడు. ఆ తర్వాత భారతీయ మతాలపై రాసిన గ్రంథంలో, కర్మ సిద్ధాంతమూ కుల కట్టుబాట్లూ కలిసి ఈ దేశంలో అలాంటి స్ఫూర్తిని పుట్టనివ్వలేదన్నాడు.

ఈ వాదానికి తెలుగు నేల మీదే ఒక పరీక్ష జరిగింది. అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారులకు హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో సాధన ప్రేరణపై శిక్షణ ఇప్పించాడు. శిక్షణ పొందినవారు పొందనివారికంటే చురుగ్గా కొత్త పనులు చేపట్టారు. సంప్రదాయ విశ్వాసాలు వారికి అడ్డు రాలేదు. పూజ మానితేనే వ్యాపారం సాగుతుందన్న వాదం అక్కడ నిలబడలేదు.

అయితే వెబర్ వెతికిన స్ఫూర్తి అయినా, మెక్‌క్లెలాండ్ కొలిచిన ప్రేరణ అయినా ఒంటరి మనిషి మనసులో ఉండేదే. వచ్చిన ఫలం ఎవరికి చెందాలన్న ప్రశ్న అందులో పక్కకు పోయింది. దానికి జవాబు ఉత్తర తెలంగాణ పల్లె ఒకటి ఆచరణలో చూపింది.

నాటి కరీంనగర్ జిల్లా, నేటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో 1956లో సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం ఏర్పడింది. రైతు అప్పునూ పంట అమ్మకాన్నీ అది ఒకే చోట కలిపింది. సాగుకు సంఘమే అప్పిస్తుంది. విత్తనాలు, ఎరువులు అక్కడే దొరుకుతాయి. పండిన ధాన్యాన్ని రైతు సంఘానికే తెస్తే, వచ్చే సొమ్ములోంచి బాకీ తీరుతుంది. పంట చేతికి రాకముందే మిత్తి కోసం దాన్ని షావుకారుకు ఒప్పజెప్పే గతి తప్పుతుంది.

ఇలాంటి సంఘాన్ని నడిపించే సూత్రాలు రెండు. వాటా ఎంత ఉన్నా సభ్యుడికి ఓటు ఒక్కటే. మిగులును పంచేటప్పుడు పెట్టిన పెట్టుబడికంటే, సంఘంతో జరిపిన లావాదేవీకే ఎక్కువ విలువ. అంటే శ్రమ పడ్డవాడికి ఫలం దక్కుతుంది గానీ, ఆ ఫలం మీద పెత్తనం ఏ ఒక్కరిదీ కాదు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, ప్రభుత్వ వాటా ధనం లేకుండా సొంత కాళ్లపై నిలిచే సంఘాలకు స్వేచ్ఛనిచ్చింది. 2000లో మొదలైన ముల్కనూరు మహిళా డెయిరీ ఈ స్వయంపాలన బాటలోనే నడిచింది. స్వకృషి పేరుతో అమ్ముడయ్యే ఆ పాలకు యజమానులు పాలు పోసే మహిళలే. పొద్దున్నే బర్రె పాలు తెచ్చిన మహిళ కళ్లెదుటే వెన్న శాతం తేలుతుంది. ధర దాన్నిబట్టే నిర్ణయమవుతుంది. కొలతలో దాపరికం లేకపోవడమే అక్కడ నమ్మకానికి పునాది.

గీత చెప్పే నిష్కామకర్మను ఫలం వదులుకోవడంగా అర్థం చేసుకున్నవారికి వ్యాపారం ధర్మవిరుద్ధంగానే కనిపిస్తుంది. కానీ అదే గీత మూడో అధ్యాయం లోకసంగ్రహం కోసం కర్మ చేయమంటుంది. ఆ దృష్టితో చూస్తే దోషం లాభంలో లేదు, అది నాకొక్కడికే అనుకోవడంలో ఉంది. సహకార సంఘం ఆ నియమాన్ని ఉపదేశంగా వదిలేయకుండా లెక్కల పుస్తకంలోకి తెచ్చింది. అందుకే అది సభ్యులందరూ సాధువులై ఉండాలని కోరదు.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. పంట రుణం చుట్టూ అల్లిన సంఘం ముందుగా భూమి ఉన్నవాడికే అందుతుంది. కూలీకి దాని నీడ అంతగా తగలదు. డెయిరీ ఆ హద్దును కొంత చెరిపింది, ఎందుకంటే అందులో చేరడానికి పట్టా అక్కర్లేదు, పాలిచ్చే పశువుంటే చాలు. సమష్టి ఫలంలో ఎవరెవరికి పాలుందన్న ప్రశ్నను ప్రతి తరం మళ్లీ వేసుకోవాలి. వ్యవస్థాపకతను పరిశోధించేవారు కొత్త సంస్థలూ లాభాలూ లెక్కించడంతో ఆగకుండా, ఆ ఫలం ఎంతమందికి, ఏ న్యాయంతో చేరిందో కూడా చూసినప్పుడే వారి కొలత పూర్తవుతుంది.