క్షేమ సమాచారము

వాక్యభాగము: మార్కు సువార్త 6వ అధ్యాయము, 30 నుండి 32 వచనములు





ఎండలు తగ్గుముఖము పట్టాయి. బడులు తెరిచారు. చిత్తూరు, నెల్లూరు, ఒంగోలు వైపు వెళ్ళినవారు ఆవకాయ జాడీలతోను, పెండ్లి ఫోటోలతోను తిరిగి వచ్చారు. పిల్లలు వి.బి.ఎస్.లో నేర్చిన పాటలు ఇంకను పాడుతూనే ఉన్నారు. ఈ రోజులలో ఆరాధన ముగిసిన వెంటనే ఎవ్వరును ఇంటికి వెళ్ళరు. "వదినా, అమ్మాయి పెండ్లి బాగా జరిగిందా?" "మామగారి ఆరోగ్యము ఎట్లున్నది బావా?" అని మందిరపు ఆవరణమంతయు మాటలే. ఇది మంచిది. దూరపు ఊరినుండి వచ్చిన మంచి కబురు దాహముతో ఉన్నవానికి చల్లని నీళ్ళవంటిదని సామెతలు 25:25లో జ్ఞాని చెప్పియున్నాడు. మన యెండలు ఎరిగినవారికి ఆ పోలిక వివరించనక్కరలేదు.

అయితే కబుర్లు చెప్పుకొనుటలో కూడ ఒక క్రైస్తవ మర్యాద ఉన్నది. దానిని ఈ వాక్యభాగమునుండి ఆలోచించుదము.

ప్రభువు పన్నెండుమందిని ఇద్దరిద్దరినిగా గ్రామములకు పంపెను. వారు రొట్టెగాని, సంచిగాని, సొమ్ముగాని లేక బయలుదేరిరి. మారుమనస్సును గూర్చి ప్రకటించిరి. రోగులకు నూనె రాచి స్వస్థపరచిరి. తరువాత తిరిగి వచ్చి, చేసినదియు బోధించినదియు అంతయు ఆయనకు తెలియజేసిరి. వచ్చి పోవువారు అనేకులైనందున వారికి భోజనము చేయుటకైనను తీరిక లేకపోయెను. అప్పుడు ఆయన వారిని ఏకాంతమైన చోటికి వచ్చి కొంచెము అలసట తీర్చుకొనుడని పిలిచెను. ఇందులో నాలుగు సంగతులు గమనించుదము.

మొదటిది: వారు ముందుగా ప్రభువుతో చెప్పిరి

శిష్యులకు చెప్పుకొనుటకు చాలా ఉన్నది. త్రోవలో కనబడిన ప్రతివానితోను చెప్పుకొనవచ్చును. కాని వారు యేసునొద్దకు కూడి వచ్చిరి. ఆయనకు తెలియదని కాదు. తండ్రికి తెలిసిన సంగతియైనను బిడ్డ నోట వినుటలో తండ్రికి సంతోషమున్నది. ఊరినుండి వచ్చిన మనుమడు రైలులో కిటికీ ప్రక్కన కూర్చున్న సంగతి మొదలుకొని తాటిముంజలు తిన్న సంగతి వరకు చెబుతుంటే, మనకు తెలియని విషయమని వింటున్నామా? చెప్పేది మన బిడ్డ గనుక వింటున్నాము.

మీరు ప్రయాణమునుండి వచ్చిన రాత్రి, పెట్టెలు విప్పక ముందు, కుటుంబమంతయు కూర్చుండి ఈ వేసవిలో జరిగినదంతయు పేరు పేరున ప్రభువునకు చెప్పి ప్రార్థించారా? చేయనివారు ఈ రాత్రియే చేయండి. ఆలస్యమైనదని ఆయన త్రోసివేయడు.

రెండవది: ఆ దినములలో రెండు రకముల కబుర్లు వచ్చినవి

మార్కు ఈ అధ్యాయమును వ్రాసిన క్రమము చూడండి. 7 నుండి 13 వచనములలో శిష్యులు బయలుదేరిరి. 30వ వచనములో తిరిగి వచ్చిరి. మధ్యలో ఏమున్నది? బాప్తిస్మమిచ్చు యోహాను చెరసాలలో శిరచ్ఛేదనము పొందిన వృత్తాంతమున్నది. యోహాను శిష్యులు అతని దేహమును సమాధి చేసి, వెళ్ళి యేసునకు తెలిపిరని మత్తయి 14:12 చెబుతున్నది. సేవనుగూర్చిన సంతోషపు కబురు, మరణపు కబురు, రెండును ఆయన చెవినే చేరినవి. ఒకదానికి చెవి ఇచ్చి మరియొకదానికి చెవి మూసికొనలేదు.

మన మందిరపు ఆవరణములో ఎట్లున్నది? పెండ్లి జరిగినవారు గట్టిగా మాట్లాడుతారు. సమాధి కార్యక్రమమునకు వెళ్ళి వచ్చినవారు ప్రక్కన నిలబడుతారు. పిల్లకు తొంభై శాతము వచ్చినవారు నడిమధ్యను ఉంటారు. పిల్లవాడు తప్పినవారు చివరి పాట కాకముందే గేటు దాటుతారు. స్వంత ఇల్లు కట్టినవారి ఫోటోలు వాట్సాప్‌లో వస్తాయి. పుట్టింటికి తిరిగి వచ్చిన కుమార్తె ఫోటో ఎవ్వరును పెట్టరు.

అంతేకాదు, అసలు కబురే లేనివారు కూడ మన మధ్య ఉన్నారు. మా కె.జి.ఎఫ్. సంగతినే చూడండి. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ పని ప్రారంభించిన తరువాత మన తాతలు ముత్తాతలు గనిలో దిగుటకు వచ్చారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. అప్పటినుండి మన బిడ్డలలో అనేకులు చీకటితోనే మారికుప్పం స్టేషనులో రైలెక్కి బెంగుళూరికి పనికి వెళ్ళి, రాత్రికి ఇల్లు చేరుతున్నారు. వారికి వేసవి సెలవులు లేవు. తరములు గడచినందున కొందరికి వెళ్ళుటకు ఊరును లేదు, పిలుచుటకు బంధువును లేడు. బరంపురములోను, షోలాపురములోను, మద్రాసు పేటలలోను ఉన్న మన తెలుగువారిలో కూడ ఇట్టివారున్నారు. వారిని పట్టుకొని "ఈ వేసవికి ఎక్కడికి వెళ్ళారు?" అని అడిగితే ఏమి చెప్పగలరు? "మీరెట్లున్నారు?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని బీదవాడు ఎవడును లేడు.

మూడవది: వారు అంతయు చెప్పిరి

"అంతయు" అను మాట ముఖ్యము. సగము చెప్పిన కబురు ఎంత కీడు చేయునో ఆదికాండము 37వ అధ్యాయములో చూస్తున్నాము. యాకోబు తన కుమారుల క్షేమము, మందల క్షేమము తెలిసికొని వర్తమానము తెమ్మని యోసేపును హెబ్రోను లోయనుండి షెకెమునకు పంపెను. క్షేమ సమాచారము కొరకు పంపబడినవాడే అమ్మబడెను. తరువాత అన్నలు అతని అంగీని మేకపిల్ల రక్తములో ముంచి తండ్రికి పంపిరి. యోసేపు చనిపోయెనని వారు నోటితో చెప్పలేదు. ఇది నీ కుమారుని అంగీయో కాదో చూడుమని మాత్రమే అనిరి. మిగిలినది ఆ ముసలి తండ్రియే ఊహించుకొని ఎన్నో సంవత్సరములు దుఃఖించెను. ఊరినుండి వచ్చి, ఒకరి కుటుంబమును గూర్చి "నేనేమీ అనలేదమ్మా, చూచినది చెప్పాను" అనువారు ఈ అంగీని జ్ఞాపకము చేసికొనవలెను.

దీనికి విరోధముగా ఫిలిప్పీయుల పత్రికను చూడండి. ఎపఫ్రొదితు రోగియై చావునకు సిద్ధమైన సంగతిని పౌలు దాచలేదు. తాను రోగియైన సంగతి తనవారు విన్నారని అతడు విచారపడుచుండెనని కూడ వ్రాసి, అతనిని త్వరగా పంపించెను (2:25-30). కష్టమును దాచుట విశ్వాసమని కొందరనుకుంటారు. పౌలు అట్లనుకొనలేదు.

నేను ఉపాధ్యాయ శిక్షణ ముగించి బడిలో చేరిన దినములలో పిల్లలకు ఉత్తరము వ్రాయుట నేర్పేవారము. స్థలము, తేదీ, సంబోధన, తరువాత "ఉభయకుశలోపరి". నీవును క్షేమము, నేనును క్షేమము, ఆ పైని మిగిలిన సంగతులు అని దాని భావము. ఒక పిల్లవాడు లేచి, "అయ్యా, ఇంట్లో అమ్మకు జ్వరముగా ఉంటే కూడ ఇట్లే వ్రాయాలా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. ఆ మాట అలవాటుగా వ్రాస్తే అబద్ధమవుతుంది. ఇరువురి క్షేమమును నిజముగా విచారించి వ్రాస్తే ప్రేమ అవుతుంది. నీలిరంగు ఇన్లాండు ఉత్తరములు నేడు ఎవరింటికి వస్తున్నాయి? టెలిగ్రాము 2013 జులైతో ఆగిపోయింది. ఫోనులో క్షణములో కబురు అందుతున్నది. కాని "ఉభయ" అను మాటను మనము ఫోనులోనికి తెచ్చుకున్నామా? మన సంగతి చెప్పి పెట్టివేస్తున్నామా, అవతలివారి సంగతి వినువరకు ఆగుతున్నామా?

నాలుగవది: విన్నవానికి పని యున్నది

శిష్యులు చెప్పినది విని ప్రభువు ఊరకుండలేదు. వారి ఆకలిని, అలసటను చూచి విశ్రాంతికి పిలిచెను. ఆ విశ్రాంతి ఎంతసేపు? జనులు కాలినడకన ముందుగానే అక్కడికి చేరిరి. శిష్యుల సెలవు పడవలోనే ముగిసినది! అక్కడ పచ్చిక మీద జనులను పంక్తులుగా కూర్చుండబెట్టి, అయిదు రొట్టెలు రెండు చేపలతో అయిదువేలమంది పురుషులను పోషించెను. పస్కా సమీపించెనని యోహాను 6:4 చెబుతున్నది. ఆ దేశములో వానలు ముగిసి, ఎండాకాలము పచ్చికను మాడ్చక ముందటి దినములవి.

నెహెమ్యా కూడ మనవలె పరదేశములో ఉద్యోగము చేయువాడే. హనానీ మొదలగువారు యూదానుండి రాగా, అక్కడి జనులను గూర్చి, యెరూషలేమును గూర్చి అతడే ముందుగా అడిగెను. ప్రాకారము పడియున్నదని విని, కూర్చుండి ఏడ్చి, ఉపవాసముండి ప్రార్థించెను. కిస్లేవు మాసములో విన్న కబురు నీసాను మాసములో, అనగా నాలుగు నెలల తరువాత, రాజు ఎదుట మనవిగా మారెను. యెష్షయి దావీదును అన్నల క్షేమము తెలిసికొనుటకు పంపినప్పుడు వట్టి చేతులతో పంపలేదు. వేయించిన ధాన్యము, పది రొట్టెలు ఇచ్చి పంపెను (1 సమూయేలు 17:17-18). మన తల్లులు జాడీలు పంపుట ఈ మర్యాదయే.

కొన్ని సంవత్సరముల క్రితము మా సంఘములో ఒక కుటుంబము జూన్ మాసములో వరుసగా మూడు ఆదివారములు మందిరమునకు రాలేదు. ఊరినుండి ఇంకా రాలేదేమో అని కొందరనుకున్నారు. కాని రాత్రులు వారింట దీపము వెలుగుతున్నది. వారి కుమారుడు పదవ తరగతి తప్పాడు. అడుగుతారని భయపడి తల్లిదండ్రులు ముఖము చాటు వేసికొన్నారు. అప్పుడు మాలో ఒక పెద్దమ్మ, విధవరాలు, శ్రీనివాసపురము మామిడిపండ్లు నాలుగు సంచిలో వేసికొని వారింటికి వెళ్ళింది. మార్కుల మాట ఎత్తలేదు. వేసవిలో తన కంటికి ఆపరేషను జరిగిన సంగతి, ముందు రాత్రి తాను భయపడి ఏడ్చిన సంగతి చెప్పింది. ఆమె ముగించకముందే పిల్లవాని తల్లి తన సంగతి చెప్పనారంభించింది. బిడ్డ పది రోజులుగా వాకిలి దాటలేదనియు, అన్నము సరిగా ముట్టుట లేదనియు, రాత్రి వాని ప్రక్కన తండ్రి మేలుకొని కూర్చుంటున్నాడనియు చెప్పింది.

ఆ సాయంకాలమే పాస్టరుగారు వెళ్ళారు. మరునాడు ఇద్దరు యౌవనస్థులు వెళ్ళి, వానిని ఆటకు తీసికొని వెళ్ళారు. సప్లిమెంటరీలో వాడు మరల ఒక సబ్జెక్టు తప్పాడు. మూడవ పర్యాయము దాటాడు. నేడు ఎలక్ట్రీషియను పని చేసి తల్లిదండ్రులను చూచుకొంటున్నాడు. ఆ పెద్దమ్మ ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్నది. ఆమెకు చదువు లేదు. కాని తన భయమును ముందుగా చెప్పి, ఎదుటివారి భయమునకు త్రోవ తీయవలెనని ఆమెకు తెలుసు. ఫలితములు వచ్చిన వారములో మన ఇండ్లలో ప్రాణములే అపాయములో ఉండవచ్చును, ప్రియులారా. ఆలస్యము చేయకండి.

మరియొక సంగతి. మన తెలుగు బాప్తిస్టు చరిత్రలో యెర్రగుంట్ల పేరయ్యగారిని జ్ఞాపకము చేసికొనుదము. ఆయన తన ఊరిని విడిచి ఉత్తరముగా ప్రయాణమై వెళ్ళినప్పుడు ఏలూరు ప్రాంతములో సువార్త విన్నాడు. ఆ కబురును ఇంటికి తెచ్చి తాళ్ళకొండపాడులో తనవారికి చెప్పాడు. 1866లో క్లౌ దొరగారు ఒంగోలు వచ్చి స్థిరపడినప్పటికి ఆ పల్లెల మాదిగ కుటుంబములలో బంధువునుండి బంధువునకు ఆ మాట అప్పటికే నడుస్తున్నది. పన్నెండు సంవత్సరముల తరువాత, గొప్ప కరవు గడచిన పిమ్మట, 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. చుట్టపుచూపు మాటలను దేవుడు ఎట్లు వాడుకొనునో చూడండి. దయ్యము వదలినవానితో ప్రభువు చెప్పినదియు ఇదే: ఇంటికి వెళ్ళి, తనవారికి ప్రభువు చేసిన మేలును తెలుపవలెను (మార్కు 5:19).

కాబట్టి ఈ నెలలో మూడు పనులు చేయుదము. ఒకటి, ప్రతి కుటుంబము ఒక రాత్రి కూర్చుండి వేసవి సంగతులన్నియు ప్రభువునకు చెప్పవలెను. రెండు, ఈ వేసవిలో దుఃఖము కలిగిన ఒక ఇంటికి వెళ్ళవలెను. ప్రశ్నలతో కాదు, చేతిలో ఏదైనను పట్టుకొని, చెవి తెరచుకొని వెళ్ళవలెను. మూడు, ఎక్కడికిని వెళ్ళలేని ఒక కుటుంబమును ఒక ఆదివారము మధ్యాహ్నము భోజనమునకు పిలువవలెను. పచ్చడన్నమైనను చాలును.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా రాకపోకలను కాపాడినందుకు నీకు స్తోత్రములు. సంతోషించువారి సంతోషమును, ఏడ్చువారి కన్నీటిని ఒకే చెవితో విను నీవంటి మనస్సు మాకు దయచేయుము. సిగ్గుతో తలుపు మూసికొన్న ప్రతి ఇంటికి మాలో ఒకరిని పంపుము. పరీక్ష తప్పిన బిడ్డలను నీ రెక్కల చాటున దాచుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.