మారదని ఎవరు చూశారు?



సత్యం గురించి ఈమధ్య చేసిన వీడియోలో నేనొక మాట అన్నాను: "సైన్సులో కూడా కొన్ని స్థిరాంకాలు ఉన్నాయి. సృష్టి మొదలైనప్పటి నుంచి అవి వెంట్రుకవాసి కూడా మారలేదు." చాలామందికి ఆ మాట నచ్చింది. ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదువుతున్న మా అన్నయ్య కొడుకు మాత్రం ఫోన్ చేసి, "ఎవరు చూసొచ్చారు బాబాయ్?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. "ప్రతిదానికీ అనుమానమేనా? నమ్మకం అనేదే లేదా నీకు?" అని గట్టిగా అనేశాను. వాడు ఫోన్ పెట్టేశాడు. రెండు వారాలు మాటల్లేవు. చివరికి నేనే చేసి, "సరే, చెప్పరా" అన్నాను.

వాడు చెప్పినదాంట్లో కొంత మీకూ చెబుతాను. విద్యుత్ బలం ఎంత గట్టిదో చెప్పే అంకె ఒకటుంది, సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం అంటారు. దాని విలువ సుమారు 137లో ఒక వంతు. పరమాణువులు ఇలా నిలబడి ఉన్నాయంటే ఈ అంకె వల్లే. ఇది ఎప్పుడూ ఇంతేనా అని శాస్త్రవేత్తలు ఊరికే అనుకోలేదు, వెతికారు.

ఆఫ్రికాలోని గాబన్ దేశంలో ఓక్లో అనే చోట యురేనియం గని ఉంది. అక్కడి ఖనిజంలో ఒక రకం యురేనియం ఉండాల్సినదానికంటే కాస్త తక్కువగా ఉందని 1972లో ఫ్రాన్స్‌లో గమనించారు. తీరా చూస్తే, సుమారు 200 కోట్ల ఏళ్ల కిందట భూమిలోకి ఇంకిన నీటి సాయంతో అణు రియాక్టర్ దానంతటదే అక్కడ నడిచింది! ఆ రాళ్లలో మిగిలిన సమేరియం అనే మూలకాన్ని బట్టి, అప్పటి స్థిరాంకాన్ని లెక్కగట్టవచ్చని 1976లో ష్ల్యాఖ్తర్ అనే శాస్త్రవేత్త చూపించాడు. తర్వాతి లెక్కల ప్రకారం, మార్పు ఏదైనా ఉంటే అది కోటిలో ఒకటి రెండు వంతులకు మించదు.

కథ అక్కడితో అయిపోలేదు. సుదూరపు క్వేసార్ల వెలుగును పరిశీలించిన వెబ్ బృందం, లక్షలో ఒక వంతు తేడా కనిపిస్తోందని 1999లో ప్రకటించింది. ఇంకో బృందం చూస్తే ఆ తేడా కనబడలేదు. ఎవరూ ఎవరినీ నాస్తికుడని తిట్టలేదండీ. మళ్లీ కొలిచారు. ఇప్పుడు పరమాణు గడియారాలను పక్కపక్కన పెట్టి పోలుస్తున్నారు. ఏడాదికి కోటి కోట్లలో ఒక వంతు మార్పున్నా వాటిలో తెలిసిపోతుంది. అంతటి మార్పు ఇంతవరకు కనబడలేదు.

గమనించారా? వాళ్లు "మారదు" అనడం లేదు. "ఇంతవరకు, ఇంత మేరకు మార్పు కనబడలేదు" అంటున్నారు. మూడు కాలాల్లోనూ బాధింపబడనిదే సత్యమని మన పెద్దలు చెప్పారు. జరిగిపోయిన కాలాన్ని రాళ్లలో, నక్షత్రాల వెలుగులో వెతకొచ్చు. ఇప్పటిది గడియారంలో చూడొచ్చు. రాబోయేదాన్ని ఏ పరికరం చూస్తుంది? అందుకే వాళ్లు అక్కడ ఆగిపోయారు. నేను ఆగలేదు.

నేను అబద్ధం చెప్పాలనుకోలేదు. కానీ మాట బాగుంటుందని, తెలిసినదానికంటే ఎక్కువ చెప్పాను. అదీ సత్యం గురించి మాట్లాడుతూ! పైగా అడిగిన పిల్లాడి నోరు మూయించాను. గీటురాయి మీద గీసి చూస్తే బంగారానికి అవమానమా? గీయనివ్వకపోతేనే కదా అనుమానం రావాలి.

ఆ వీడియో కింద సవరణ పెట్టాను. వాడికి ఫోన్‌లో "నాదే తప్పురా" అని చెప్పాను. మీ ఇంట్లో ఏ పిల్లాడైనా "ఎవరు చూశారు?" అని అడిగితే, దయచేసి నాలా కసురుకోకండి. తెలిస్తే చెప్పండి, తెలియకపోతే వాడితో కలిసి వెతకండి.

వచ్చే వారం కలుద్దాం. సెలవు.